ఖండాల మధ్య వంతెన ఎందుకు సాగడం లేదు?

ఐస్‌లాండ్ నైరుతి కొసన, కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి కారులో ఇరవై నిమిషాలు వెళ్తే సాండ్విక్ అనే చోటు వస్తుంది. చుట్టూ నల్లటి లావా నేల, అక్కడక్కడా నాచు, ఇసుకలో గాలికి వంగిన గడ్డి. రోడ్డు పక్కన కారు ఆపి కాసేపు నడిస్తే ఒక చిన్న ఇనుప కాలివంతెన కనిపిస్తుంది. పొడవు సుమారు 15 మీటర్లు. కింద నీళ్లు లేవు. ఆరు మీటర్ల లోతున నల్ల ఇసుక పరచుకుని ఉంటుంది. ఒక వైపు నుంచి ఎక్కేవారికి ఉత్తర అమెరికా స్వాగతం చెబుతుంది, మరో వైపు నుంచి ఎక్కేవారికి యూరప్ చెబుతుంది. ఆ చోటి పేరు మిడ్లీనా, అంటే మధ్యగీత. భూమి పైపొరలోని రెండు పెద్ద ముక్కలైన ఉత్తర అమెరికా ఫలకానికీ యురేషియా ఫలకానికీ నడుమ సరిహద్దు ఇదేనని చూపించడానికి 2002లో ఈ వంతెన కట్టారు.

వచ్చినవాళ్లు చేసే పని దాదాపు ఒకటే. వంతెన నడిమధ్యన నిలబడి, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి ఫోటో దిగుతారు. దాటినట్టు ఒక సర్టిఫికెట్ కూడా స్థానిక పర్యాటక సమాచార కేంద్రంలో దొరుకుతుంది. రెండు ఫలకాలు ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాయనీ, అంటే మన గోరు పెరిగే వేగం కన్నా కాస్త తక్కువనీ గైడ్ చెబుతాడు. అందరూ తల ఊపి, మళ్లీ కారెక్కుతారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఏడాదికి రెండు సెంటీమీటర్లు అంటే ఇరవై ఏళ్లకు నలభై. సరిహద్దు నిజంగా ఈ పగులే అయితే, వంతెన రెండు కొసలూ ఈపాటికి దాదాపు అర మీటరు ఎడం కావాలి. ఇనుము అంత సాగదు. బోల్టులు తెగాలి, లేదా ఒక కొస ఆధారం మీద నుంచి జారిపోవాలి. అలాంటిదేమీ జరగలేదు. కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే నిలబడి ఉంది. ఫలకాలు కదులుతున్నాయన్నది పక్కా నిజం. వంతెన కదలలేదన్నదీ నిజమే. ఈ రెండు నిజాలూ ఎలా పొసగుతాయన్నదే ఈ చోటు మనకు చెప్పగల అసలు విషయం. ఫోటో దిగి వెళ్లిపోయేవారికి అది అందకుండా పోతుందన్నదే బాధ.

ముందు పేరులో ఉన్న పొరపాటు చూద్దాం. దీన్ని 'ఖండాల మధ్య వంతెన' అంటారు. కానీ ఖండం వేరు, ఫలకం వేరు. ఫలకం అంటే భూమి పైపొరలోని పెద్ద గట్టి ముక్క. దాని మీద ఖండం ఉండొచ్చు, సముద్రపు అడుగు ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. ఉత్తర అమెరికా ఫలకం మీద సైబీరియా తూర్పు కొస కూడా ఉంది. మిడ్లీనా వంతెనకు రెండు వైపులా ఉన్న రాయి అమెరికా ఖండానిదీ కాదు, యూరప్ ఖండానిదీ కాదు. రెండూ ఒకే రకం లావా, ఇక్కడే పుట్టి ఇక్కడే గడ్డకట్టిన నల్లరాయి. అట్లాంటిక్ సముద్రం అడుగున ఉత్తరం నుంచి దక్షిణం దాకా సాగే మధ్య అట్లాంటిక్ గట్టు, వంతెన ఉన్న ఈ రేక్యానెస్ ద్వీపకల్పం కొసన నీళ్లలోంచి నేల మీదికి ఎక్కుతుంది. మిగతా అంతటా సముద్రం కింద ఉండే గట్టు ఇక్కడ మాత్రం పైకి రావడానికి కారణం, ఐస్‌లాండ్ అడుగున లోతు నుంచి పైకి ఉబికే అదనపు వేడి. మామూలు సముద్రపు అడుగున పైపొర ఏడు కిలోమీటర్ల మందం ఉంటే, ఇక్కడ దానికి ఎన్నో రెట్లు మందంగా పేరుకుంది. అందుకే కెరటాల కింద ఉండాల్సిన నేల మీద మనం కారు నడపగలుగుతున్నాం.

వంతెనకు ఇంకో పేరు కూడా ఉంది, లీఫ్ ఎరిక్సన్ వంతెన. ఇప్పటికి వెయ్యేళ్ల కిందట ఇటు నుంచి అమెరికా తీరం చేరిన నావికుడాయన. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర కొసన, లాన్స్ ఓ మెడోస్ అనే చోట నార్స్ జనం, అంటే లీఫ్ జాతివాళ్లు, కట్టుకున్న ఇళ్ల ఆనవాళ్లు 1960లో బయటపడ్డాయి. అక్కడి కర్రముక్కల్లోని వలయాలను పరీక్షించి, ఆ చెట్లను 1021లో నరికారని శాస్త్రవేత్తలు 2021లో తేల్చారు. ఆ పేరు పెట్టడం బాగుంది. అయితే లీఫ్ దాటింది సముద్రాన్ని. ఈ వంతెన దాటేది పగులును.

ఇక వంతెన సాగకపోవడం సంగతి. పాత పంచె ఒకటి తీసుకుని ఇద్దరు చెరో కొస పట్టుకుని మెల్లగా లాగితే ఏమవుతుంది? ముందు బట్ట అంతా బిగుసుకుంటుంది. నడుమ ఒక జానెడు మేర పోగులు పలచబడతాయి. ఎక్కడా చిరగదు. ఇంకా లాగితే, ఒక్కసారిగా పర్రున ఒక చోట చినుగుతుంది. ఆ తర్వాత మళ్లీ కాసేపు వదులు. మిడ్లీనా పరిస్థితి ఇదే. ఉత్తర అమెరికా ఫలకం ఒక కొస, యురేషియా ఫలకం ఇంకో కొస. ఆ కొసలు సగటున ఏడాదికి రెండు సెంటీమీటర్లు ఎడమవుతున్నాయి. నడుమ ఉన్న పోగులు పలచబడే పట్టీ వెడల్పు పదుల కిలోమీటర్లు. ఆ పట్టీలో ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా వందలాది పగుళ్లు ఉన్నాయి. వంతెన కట్టిన పగులు వాటిలో ఒకటి మాత్రమే. రెండు సెంటీమీటర్ల సాగుడు ఆ పట్టీ మొత్తంలో సర్దుకుంటోంది కాబట్టి, ఏ ఒక్క పగులు దగ్గరా ఏటేటా కంటికి కనిపించే తేడా ఉండదు. మధ్యగీత అని పేరు పెట్టారు గానీ, అక్కడ గీత లేదు. ఉన్నది ఒక మండలం. ఆ మండలంలో ఎక్కడ నిలబడినా అమెరికా అని గానీ, యూరప్ అని గానీ ఖాయంగా చెప్పే వీలు లేదు.

ఇంత నిదానంగా సాగే కదలికను కొలవడం ఎవరికీ అంత తేలిక కాలేదు. ఖండాలు కదులుతాయని 1912లో ప్రతిపాదించిన ఆల్ఫ్రెడ్ వెగనర్, గ్రీన్‌లాండ్ రేఖాంశాలను పాత కొలతలతో పోల్చి, అది ఏడాదికి మీటర్ల కొద్దీ పడమటికి జరుగుతోందని నమ్మాడు. కొలతల్లోని లోపాన్నే కదలిక అనుకున్నాడు. మూల ఆలోచన సరైనది, అంకె మాత్రం తప్పు. ఆ తప్పు అంకె ఆయనకు ఎంతో నష్టం చేసింది, ఎందుకంటే ఎదుటివాళ్లు ముందు దాన్నే పట్టుకున్నారు. ఆయన 1930 నవంబరులో గ్రీన్‌లాండ్ మంచు మీదే కన్నుమూశాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1938లో, జర్మన్ సర్వేయర్ల బృందం ఒకటి ఉత్తర ఐస్‌లాండ్‌లో పగుళ్ల పట్టీకి అడ్డంగా కొలత గుర్తులు పాతింది. కొన్నేళ్ల తర్వాత వచ్చి మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుందన్నది వాళ్ల ఆలోచన. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

చివరికి రుజువు దొరికింది సముద్రం మీద. 1963లో రేక్యానెస్‌కు నైరుతిగా, సముద్రంలో మునిగి ఉన్న గట్టు మీదుగా విమానాలు అటూ ఇటూ తిరిగి అయస్కాంత కొలతలు తీశాయి. గట్టుకు అటూ ఇటూ రాయి అయస్కాంత గుణంలో అద్దంలో ప్రతిబింబంలా సమానమైన చారలు కనిపించాయి. నడుమ కొత్త రాయి పుడుతూ, పాత రాయి రెండు వైపులకూ జరిగిపోతోందనడానికి దాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది? ఇప్పుడు జీపీఎస్ ఉంది. రాజధాని రేక్యావిక్‌లో ఒక స్టేషన్, ఆగ్నేయాన హోఫ్న్ పట్టణంలో ఒక స్టేషన్. ఆ రెంటి మధ్య దూరం ఏటా సుమారు రెండు సెంటీమీటర్లు పెరుగుతోంది. రెండు ఊళ్ల మధ్య పెరిగిన ఈ దూరాన్నే వంతెన దగ్గర చెబుతున్నారు.

పంచె ఎప్పుడు చినిగింది? ఉత్తర ఐస్‌లాండ్‌లోని క్రాప్లా అగ్నిపర్వతం దగ్గర 1724-29 మధ్య నేల చీలి లావా పారింది. ఆ తర్వాత దాదాపు 250 ఏళ్లు నిశ్శబ్దం. అన్నాళ్లూ ఫలకాలు ఆగలేదు, నడుమ నేల మాత్రం బిగుసుకుంటూ వచ్చింది. 1975 డిసెంబరులో మళ్లీ మొదలైంది. 1984 దాకా తొమ్మిది సార్లు లావా ఎగసింది, అంతకు ఎక్కువ సార్లే పైకి రాకుండా నేల కింద నుంచే శిలాద్రవం పక్కకు దూసుకుపోయి చీలికలు విప్పింది. మొత్తం కలిపి కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల దాకా నేల విచ్చుకుంది. 250 ఏళ్లను రెండు సెంటీమీటర్లతో హెచ్చిస్తే ఐదు మీటర్లు. వందల ఏళ్ల బాకీ తొమ్మిదేళ్లలో తీరిపోయిందన్నమాట. ఆ రోజుల్లో, 1977 సెప్టెంబరులో జరిగిన ఒక సంగతి చెప్పుకోవాలి. అక్కడికి దగ్గరలోనే భూమిలోని ఆవిరి కోసం వేసిన బోరు ఒకటి ఉంది. నేల కింద పక్కకు పారుతున్న శిలాద్రవం ఆ బోరుకు తగిలి, గొట్టం గుండా పైకి చిమ్మింది. బోరులోంచి నీళ్లు, ఆవిరి రావడం చూశాం గానీ, నిప్పురాయి రావడం ఎక్కడా విని ఉండం. మూడు టన్నుల దాకా పడి ఉంటుందని అంచనా వేశారు. ఫలకాల సరిహద్దు పనిచేసే తీరు ఇదీ. అందుకే గోరుతో పోలిక ఎంత నచ్చినా సరైనది కాదు. గోరు రోజూ కొంచెం పెరుగుతుంది. ఈ నేల వందల ఏళ్లు ఓర్చుకుని ఒక్క వారంలో మీటరు కదులుతుంది.

మిడ్లీనా ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పం వంతు ఇప్పుడు వచ్చింది. 1210 నుంచి 1240 దాకా ఇక్కడ వరసగా లావా పారింది. వంతెనకు దక్షిణంగా స్టాంపర్ బిలాల వరస దగ్గర ఆ కాలపు రాయి ఇప్పటికీ కనిపిస్తుంది. తర్వాత ఎనిమిది వందల ఏళ్లు ఏమీ లేదు. 2021 మార్చి 19న ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ కొండ దగ్గర నేల తెరుచుకుంది. చుట్టుపక్కల దేశాల నుంచి జనం చూడ్డానికి వచ్చారు. ఊళ్లకు దూరంగా ఉండడం వల్ల అప్పట్లో అదొక పండగలా సాగింది.

2023 నవంబరు 10 అలా కాదు. మిడ్లీనాకు తూర్పున, అదే రోడ్డు మీద వెళ్తే వచ్చే గ్రిండావిక్ అనే చేపల రేవు ఊరు. ఆ సాయంత్రం నేల ఆగకుండా కంపించింది. కొన్ని గంటల్లోనే సుమారు 15 కిలోమీటర్ల పొడవున శిలాద్రవం నేల కింద గోడలా నిలువుగా చొచ్చుకుంది. ఆ గోడకు చోటివ్వడానికి నేల మీటర్ల లెక్కన విచ్చుకుంది. ఊరి నడుమ ఒక పట్టీ మీటరుకు పైగా కుంగిపోయింది. రోడ్లు చీలాయి. ఆ రాత్రే దాదాపు 3,800 మందిని ఊరు ఖాళీ చేయించారు. డిసెంబరు 18న మొదటి లావా, 2024 జనవరి 14న లావా ఊరి అంచులోకి వచ్చి మూడు ఇళ్లను కాల్చేసింది. అదే జనవరిలో ఒక ఇంటి పక్కన విచ్చుకున్న పగులును పూడుస్తున్న కార్మికుడు అందులో పడిపోయాడు. ఎంత వెతికినా దొరకలేదు. పైకి పచ్చగడ్డి ఉన్న చోట, దాని కింద ఎంత లోతు ఖాళీ ఉందో ఎవరికీ తెలియకపోవడమే ఈ నేలలోని అసలు ప్రమాదం. 2025 జులై దాకా ఆ బిలాల వరసలో లావా పదే పదే వచ్చింది. వంతెన నిలిచి ఉన్న పగులుకు మాత్రం ఈసారి ఏమీ కాలేదు. పంచె పక్క పోగుల్లో చినిగింది.

వంగే వంతెన చూడాలనుకునేవారికి అదీ ఉంది, వేరే దేశంలో. అమెరికాలోని కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో ఒక రోడ్డు వంతెన శాన్ ఆండ్రియాస్ భ్రంశం అనే పొడవాటి పగులును దాటుతుంది. పసిఫిక్ ఫలకం, ఉత్తర అమెరికా ఫలకం అని అక్కడా బోర్డులు ఉన్నాయి. అక్కడ ఫలకాలు ఎడం కావడం లేదు, ఒకదాని పక్క నుంచి ఒకటి రాసుకుంటూ జారుతున్నాయి. ఆ జారుడు చాలా సన్నటి గీత మీద, ఆగకుండా జరుగుతోంది. అందుకని వంతెన ఏటికేడు వంకర తిరుగుతూ వచ్చింది. దాని కమ్మీల వెంట చూపు పోనిస్తే ఆ వంపు కంటికే తెలుస్తుంది. రెండు చోట్లా ఒకే రకం బోర్డు పెట్టినా, నేల పని తీరు ఎంత వేరో ఈ రెండు వంతెనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఐస్‌లాండ్‌లోనే ఇంకో కాలిబాట ఉంది. మిడ్లీనా కన్నా దాని దగ్గరే ఎక్కువసేపు గడపాలి. రేక్యావిక్‌కు తూర్పున థింగ్వెట్లిర్‌లో, 930లో ఐస్‌లాండ్ జనం తమ సభను ఏర్పాటు చేసుకున్న చోట, అల్మన్నగ్యౌ అనే పొడవాటి గండి ఉంది. ఆ గండి లోపలి నుంచి నడిచే దారి మీద ఏటా లక్షలాది మంది వెళ్లేవారు. 2011 వసంతంలో ఆ దారిలో చిన్న గుంత పడింది. ఏదో మట్టి జారిందనుకుని చూస్తే, కింద పది మీటర్లకు పైగా లోతున్న పగులు బయటపడింది. ఇన్నాళ్లూ జనం నడిచింది ఆ పగులు నోట్లో ఇరుక్కున్న రాళ్లూ మట్టీ మీద. పూడ్చడం మానేసి, దాని మీద చెక్క వంతెన వేశారు. మంచి నిర్ణయం అది. ఇప్పుడు ఆ చెక్కల మీద నిలబడి కిందికి చూస్తే, నేల ఎలా బోలుగా ఉందో దాపరికం లేకుండా కనిపిస్తుంది.

ఐస్‌లాండ్‌లోని ఈ నల్లటి లావా రాయి తెలుగు నేలకు కొత్తేమీ కాదు. రాజమండ్రి చుట్టుపక్కల, గోదావరికి ఇటు కాతేరు దగ్గర, అటు పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కోసం పగలగొట్టే నల్లరాయి కూడా ఇలాంటి లావానే. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల చీలి పారిన దక్కన్ లావా వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రయాణించి ఇక్కడ ఆగిందని భావిస్తున్నారు. గోదావరి పారే లోయ సంగతి ఇంకా దగ్గరి పోలిక. అది కూడా ఒకప్పుడు నేల రెండుగా విడిపోవడానికి ప్రయత్నించిన చోటే. నడుమ పట్టీ కుంగింది, అందులో కోట్ల ఏళ్లు ఇసుక, బురద, అడవుల శిథిలాలు పేరుకున్నాయి. యెల్లందు, కొత్తగూడెం, గోదావరిఖని బొగ్గు అందులోదే. తర్వాత విడిపోవడం ఆగిపోయింది, సముద్రం పుట్టలేదు. ఆగిన పగుళ్లు మాత్రం లోపల అలాగే ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపాలు ఆ లోయ పరిధిలోనివే. ములుగు భూకంపం వచ్చిన ఉదయం హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఫ్యాన్లు ఊగడం చూసి జనం టెన్షన్ పడ్డారు. గ్రిండావిక్‌లో కుంగిన పట్టీ ఎలాంటిదో, అలాంటిదే ఎంతో పెద్దది, ఎంతో పాతది మన కాళ్ల కింద ఉంది.

మిడ్లీనాకు వెళ్లేవారు చేయాల్సిన పనులు కొన్నే. బయల్దేరే ముందు ఐస్‌లాండ్ వాతావరణ కార్యాలయం ఇచ్చే ప్రమాద సూచనలు చూసుకోవాలి. రోడ్లు ఎప్పుడు మూస్తారో చెప్పలేం. సముద్రపు గాలి బలంగా వీస్తుంది, కారు తలుపు గట్టిగా పట్టుకుని తెరవాలి. నాచు మీద అడుగు పెట్టకూడదు, అది మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. వంతెనకు టికెట్ లేదు.

వంతెన మీద ఫోటో దిగాక, బాట వెంట కిందికి దిగి ఇసుకలోకి వెళ్లాలి. అక్కడ రెండు గోడలనూ దగ్గరగా చూడాలి. రెండు ముక్కలుగా విరిచిన పల్లీపట్టీ అంచుల్లా ఉంటాయి. ఒక గోడలో లోపలికి పోయిన చోటుకు ఎదురుగా, రెండో గోడ కాస్త ముందుకు వచ్చినట్టు అనిపిస్తుంది. రాయి నిండా సూది మొన నుంచి గోళీ దాకా చిన్నాపెద్దా రంధ్రాలు. లావా చల్లబడేటప్పుడు అందులోనే చిక్కుకుపోయిన దాని వాయువుల బుడగలవి. వేలు పెట్టి చూస్తే లోపల నున్నగా, అంచు కరుకుగా తగులుతుంది. కాళ్ల కింద ఉన్నది పగులు అడుగు కాదు. గాలి మోసుకొచ్చి నింపిన ఇసుక అది. దాని కింద పగులు ఇంకా లోతుకు పోతుంది.